బడి వెలుపలి విద్యార్థులు

చదువునకు వయస్సు లేదని పెద్దలందఱును చెప్పుదురు. కాని పరీక్షకు మాత్రము వయస్సు కలదని లోకమునందొక నమ్మకము నాటుకొనియున్నది. పదునాఱేండ్ల బాలుడు పదవ తరగతి పరీక్షకు పోవుచున్నాడనిన నెవ్వరును వింతగా చూడరు. ముప్పదియైదేండ్ల గృహిణి ఆ పరీక్షకే పోవుచున్నదనిన, అత్తవారింటను పుట్టినింటను కూడ ఒక చిఱునవ్వు పుట్టును. ఆ చిఱునవ్వు మన పూర్వులనుండి వచ్చినదా, లేక నడుమ వచ్చి చేరినదా? ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానము వెదకుటయే నేటి నా ప్రసంగము.

మన పల్లెలలో దీనిని "ప్రైవేటుగా కట్టుట" యందురు. బడిలో పేరు లేక, హాజరుపట్టీలో గుర్తు లేక, ఇంటివద్దనే చదువుకొని, రుసుము చెల్లించి, పరీక్షకు కూర్చుండుట అని దీనికి అర్థము. ఈ మాటలో కొంత చులకన ధ్వనించును. బడికి పోనివాడు దొడ్డిదారిన వచ్చినట్లు కొందఱు భావింతురు. నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా పనిచేసితిని; ఈ త్రోవన వచ్చినవారిని పెక్కుమందిని చూచితిని. చూచినకొలదియు నాకు తోచిన దేమన, ఇది దొడ్డిదారి కాదు; ఒకప్పుడు ఇదియే రాచబాట.

మన ప్రాచీన పరీక్షాపద్ధతి నొకసారి స్మరింతము. మిథిలాదేశమున శలాకాపరీక్ష యనునది యొకటి ప్రసిద్ధమై యుండెను. తాళపత్ర గ్రంథమును సభలో నుంచి, దానిలోనికి సూదిని గుచ్చుదురు. సూదిమొన యే యాకుకడ నిలిచినదో ఆ యాకులోని విషయమును విద్యార్థి వివరింపవలెను. ఏ గురువునొద్ద నెన్నేండ్లు కూర్చుంటివని కాని, నీ వయస్సెంత యని కాని అచ్చట ప్రశ్న లేదు. నీకు వచ్చునా రాదా యనునదియే ప్రశ్న. మన అవధానసభలును అట్టివే. పృచ్ఛకుడు సమస్య నిచ్చును, అవధాని పూరించును, సభ వినును. సర్టిఫికెట్టు లేదు, సభయే సాక్ష్యము.

అయితే ఆ సభాద్వారము అందఱకును తెఱచియుండలేదు. కులభేదమును స్త్రీపురుషభేదమును ఆ గడపయొద్ద కావలి కాచినవి. ఈ మాట దాచుట చరిత్ర చెప్పువానికి తగదు. కావున మన పూర్వపద్ధతిలో వయస్సు అడ్డము రాలేదు కాని, పుట్టుక అడ్డము వచ్చినది. తరువాత వచ్చిన పద్ధతిలో పుట్టుక చట్టరీత్యా అడ్డము కాలేదు కాని, క్రమక్రమముగా వయస్సును, బడిరుసుమును, ఊరిదూరమును అడ్డము వచ్చినవి.

ఆ క్రొత్తపద్ధతి ఎట్లు వచ్చినదో చూతము. ఇంగ్లండునందు 1836లో రాజశాసనముచే నేర్పడిన లండను విశ్వవిద్యాలయము తాను పాఠములు చెప్పునది కాదు. ఇతర కళాశాలలలో చదివినవారిని పరీక్షించి పట్టములిచ్చునది. 1854లో సర్ చార్లెస్ వుడ్డు పంపిన విద్యాలేఖ ననుసరించి, 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు స్థాపింపబడిన మూడు విశ్వవిద్యాలయములకును ఆ లండను పద్ధతియే మాదిరి. అవియు తొలినాళ్ళలో పరీక్షించుటకే కాని బోధించుటకు పుట్టినవి కావు. 1857లో కలకత్తాలో జరిగిన మొదటి ప్రవేశపరీక్షకు 244 మంది కూర్చుండిరి. ఆ మఱుసటి యేడు, అనగా 1858లో, లండను విశ్వవిద్యాలయము మఱియొక అడుగు ముందునకు వేసెను. వైద్యవిద్యను మినహాయించి, తక్కిన పట్టములకు కళాశాలలో చదివినట్లు పత్రము చూపనక్కఱలేదనెను. ఎక్కడ చదివితివని అడుగక, ఏమి చదివితివని అడుగుట అప్పటినుండి ఆ దేశమున ధర్మమైనది. మన శలాకాపరీక్షయొక్క ఆత్మ సముద్రము దాటి వేఱొక శరీరము ధరించినట్లు నాకు తోచును.

మెట్రిక్యులేషను అనగా విశ్వవిద్యాలయపు పట్టీలో పేరు చేర్చుకొనుట. అది లోనికి పోవువాని పరీక్ష. కాని మనదేశమున అది బడినుండి వెలుపలికి వచ్చువాని పరీక్షగా మాఱిపోయినది. కారణము తెలియనిది కాదు. కచ్చేరిలో గుమాస్తా పనికి, తపాలా కార్యాలయమున పనికి, బడిలో ఉపాధ్యాయ పదవికి, అన్నిటికి ఆ పత్రమే తాళపుచెవి యైనది. మెట్రిక్యులేషను తప్పినవాడనని చెప్పుకొనుట కూడ నొక యోగ్యతగా చెల్లిన కాలముండెను. ఎంతో చదువుకొన్న పండితుడు, ఆ పత్రము లేనందున, తన శిష్యునికంటె తక్కువ జీతముపై పనిచేయుటయు కలదు. విద్య వేఱు, పత్రము వేఱు అని లోకమునకు మొదట తెలిసినది ఆ దినములలోనే.

అందుచేత బడి విడిచినవారు, బడి యెఱుగనివారు, ఆ పత్రముకొఱకు, లేదా దానిపై పత్రముకొఱకు, ఇంటివద్ద చదువసాగిరి. వారిలో అగ్రగణ్యుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారికభాషావాదమునకు మూలపురుషుడైన ఆయనను గ్రాంథికమున స్మరించుట కొందఱకు నవ్వు తెప్పింపవచ్చును. అయినను సత్యము చెప్పుటకు ఏ భాషయైన నేమి? 1863లో పుట్టిన ఆ మహనీయుడు చిన్నతనముననే తండ్రిని గోల్పోయెను. మెట్రిక్యులేషను గడచినవెంటనే కుటుంబభారము మీద పడుటచే, 1880లో పర్లాకిమిడిలో నెలకు ముప్పది రూపాయల జీతముమీద ఉపాధ్యాయుడుగా చేరెను. పగలు పిల్లలకు చరిత్ర చెప్పుచు, మిగిలిన వేళల తాను చదువుచు, 1886లో ఎఫ్. ఏ. పరీక్ష నిచ్చెను. బి. ఏ. పూర్తియగుసరికి 1896 వచ్చెను. ఉద్యోగమున చేరిన నాటినుండి లెక్కించిన పదునాఱేండ్లు! ఆ యేండ్లలోనే ఆయన సవరల భాషను కూడ నేర్చుకొనుచుండెను. బడిలో కూర్చుండి చదివియున్న నాలుగైదేండ్లలో ముగియవలసిన చదువు అది. కాని ఆ పదునాఱేండ్లు వ్యర్థమైనవని ఎవరు చెప్పగలరు?

స్త్రీల త్రోవ ఇంతకంటె కఠినమైనది. డెహ్రాడూనులో చదువుకొన్న చంద్రముఖీ బసు అను బాలిక 1876లో కలకత్తా విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు కూర్చుండ గోరగా, ప్రత్యేకానుమతి దొరకినది కాని, తక్కిన అభ్యర్థులతోపాటు ఆమెను లెక్కించుట కధికారు లొప్పుకొనలేదు. సమాధానములు సరియైనవే, సమాధానములు వ్రాసిన మనిషి మాత్రము లెక్కకు రాదు! 1878లో ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పరీక్షాద్వారమును నియమపూర్వకముగా తెఱచెను. శ్రోతలు గమనింపవలసిన విషయమొకటి ఇందు కలదు. మొదట ఒకరు వచ్చి తలుపు తట్టినపుడే తలుపు మూసియున్నదని లోపలివారికి తెలిసినది. తలుపు తట్టినవారు లేనిచో నియమము మాఱియుండెడిది కాదు.

మదరాసు రాజధానిలో 1911 ప్రాంతమున స్కూలు ఫైనలు పద్ధతి, అనగా ఎస్. ఎస్. ఎల్. సి., వచ్చినది. పెద్దలలో కొందఱు తమ తాతల ట్రంకుపెట్టెలలో ఆ పుస్తకమును చూచియుందురు. ఒక్కదినపు పరీక్షనే నమ్మక, బడిలో ఏడాదిపొడుగున విద్యార్థి చేసిన పనిని కూడ ఆ పుస్తకమున వ్రాయుట దాని విశేషము. ఉద్దేశము మంచిదే. కాని ఆ పుటలలో వ్రాయించుకొనుటకు బడియే లేనివాని గతి యేమి? ఒకరికి మేలుచేయుటకు పుట్టిన నియమము మఱియొకరికి గోడ యగుట విద్యాచరిత్రలో తఱచు కనబడును. గోడ కట్టినవారు దుష్టులు కానక్కఱలేదు. గోడకావల నున్నవారు వారికి కనబడకుండుటయే చాలును.

పరీక్షయే సమస్తము కాదనుటకును ఒక నిదర్శనము చెప్పవలెను. శ్రీనివాస రామానుజన్ 1907లో ప్రైవేటుగా ఎఫ్. ఏ. పరీక్షకు కట్టి తప్పెను. పదునొకండేండ్లకు, 1918లో, లండనునందలి రాయల్ సొసైటీ ఆ గణితవేత్తను తన సభ్యునిగా నెన్నుకొన్నది. కాని యీ కథ విని "పరీక్షలేల" అని తేల్చివేయరాదు. పట్టము లేక ఆ మేధావి మదరాసులో గుమాస్తాపనికై తిరిగిన దినములను కూడ స్మరింపవలెను. మహామేధావికే పత్రము లేకుండుట అంత కష్టమైనప్పుడు, సామాన్యుల మాట చెప్పవలెనా?

ఇక నీ చరిత్రలో మన తెలుగువారికి గర్వకారణమైన ఘట్టమునకు వత్తును. దుర్గాబాయిగారు 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. చిన్నతనమున, ఆంగ్లమాధ్యమమును నిరసించి బడి మానివేసిరి. తాము హిందీ నేర్చి, బాలికలకు హిందీ పాఠశాల నడిపిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపిన బాలిక ఈమెయే. 1930 నుండి 1933 వఱకు సత్యాగ్రహోద్యమమున మూడుసార్లు చెఱసాల కేగిరి. అచ్చట అక్షరము రాని స్త్రీఖైదీల దుఃస్థితిని చూచి, తాము న్యాయశాస్త్రము చదువవలెనని సంకల్పించిరి.

సంకల్పము గొప్పదే, సాధన మెక్కడ? న్యాయశాస్త్రమునకు ముందు బి. ఏ. కావలెను, దానికి ముందు ఇంటర్మీడియటు, దానికి ముందు మెట్రిక్యులేషను. అప్పటి కామె కిరువదినాలుగేండ్లు. ఆ వయస్సున చిన్నపిల్లల నడుమ బల్లపై కూర్చుండుట యెట్లు? ఏ ఆంగ్లమును నిరసించి బడి మానిరో ఆ ఆంగ్లమునే మొదటినుండి నేర్వవలసివచ్చెను. అప్పుడామెకు తోడ్పడినది కాశీ హిందూ విశ్వవిద్యాలయము. 1916లో స్థాపితమైన ఆ విద్యాలయపు మెట్రిక్యులేషనునకు, బడికి పోకయే చదువుకొని కూర్చుండుటకు వీలుండెను. పూర్వము మన పండితులు శాస్త్రములకై కాశికి పోయి, యేండ్లకొలది సత్రములలో భోజనము చేసి చదివి వచ్చెడివారు. ఈమె కాశివారి చదువును ఇంటివద్దనే చదివి ఉత్తీర్ణురాలైరి. పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరదలచినపుడు, స్త్రీలకు వసతిగృహము లేదను చిక్కు వచ్చెను. చదువదలచిన తోడి యువతులను కూర్చుకొని, వసతి నేర్పఱచుకొని, రాజనీతిశాస్త్రమున బి. ఏ. ఆనర్సు ముగించిరి. 1942లో మదరాసు విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. నాలుగేండ్లు గడచినంతనే రాజ్యాంగసభలో సభ్యురాలై కూర్చుండిరి.

దుర్గాబాయిగారి పేరు ప్రస్తావించుటకు ఇది యొక్కటియే కారణము కాదు. తాను దాటిన ఏటికి తరువాతివారికై వంతెన కట్టినవారు అరుదు. ఆమె 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. ఆ సభ తొలినాళ్ళలో చేసిన ముఖ్యమైన పనియేమనగా, మదరాసునందలి తెలుగు యువతులకు ఆ కాశీ మెట్రిక్యులేషను పరీక్షకే శిక్షణ నిచ్చుట. బాల్యముననే చదువు మానిపింపబడినవారికి ఆ శిక్షణ ఎంత యాసరాయో చెప్పనక్కఱలేదు. ఒంటరిగా చదువువానికి పుస్తకముకంటె ముందు తోడు కావలెనను రహస్యమామెకు స్వానుభవమున తెలిసియుండెను.

కృష్ణకు ఆవల, నిజాము రాజ్యమున, చిక్కు వేఱురీతిగా నుండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూభాషలో జరుగుచుండెను. తెలుగు బాలిక తెలుగున చదువవలెనన్న అచ్చట తావు లేదు. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు 1928లో హైదరాబాదున ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను స్థాపించి, దానిని పూనాలో కార్వే పండితుడు 1916లో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయమునకు చేర్చిరి. తమ ఊరిలో తలుపు మూసియున్న, పొరుగు రాష్ట్రపు తలుపు తట్టిరన్నమాట. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద యను తెలుగు పరీక్షలను నడపెను. పగలు పనిచేసికొనుచు రాత్రులు చదివి ఆ పరీక్షల నిచ్చినవారు తెలంగాణమున పెక్కుమంది కలరు. బడిలో తెలుగు చదువ నోచుకొననివారికి ఆ పరీక్షలే తెలుగుబడి యైనవి.

ఇట్టివారికి గ్రంథాలయోద్యమము చేసిన మేలును మఱువరాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టి, చరిత్రను, ప్రకృతిశాస్త్రములను తెలుగున అచ్చువేసినది. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘ మేర్పడినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఊరూర తిప్పిరి. కొనలేనివానికి పుస్తకము రేవునకే వచ్చినది. ఇంటివద్ద చదువువాని వెనుక ఇట్టివి కంటికి కనబడని బడులు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ త్రోవ క్రమముగా వెడల్పైనది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడగా, దుర్గాబాయిగారే దాని కధ్యక్షురాలైరి. ఆ మండలి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించెను. ఏండ్లకొలది సాగవలసిన చదువును రెండేండ్లకు కుదించి, మెట్రిక్యులేషను వంటి పరీక్షలకు స్త్రీలను సిద్ధపఱచుట దాని ఉద్దేశము. 1982లో మన రాష్ట్రముననే దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. నేడది డాక్టరు అంబేద్కరుగారి పేర నున్నది. పై పత్రములు లేకున్నను అర్హతపరీక్ష యొకటి యిచ్చి పట్టపు చదువున చేరవచ్చునని అది చాటినప్పుడు, ఎందఱో గుమాస్తాలును, ఉపాధ్యాయులును, గృహిణులును మరల పుస్తకము పట్టిరి. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలయు, 1991లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక పాఠశాలయు ఏర్పడినవి. రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమునకు వేఱొక సంస్థ యేర్పడినది.

ఈ సార్వత్రిక పాఠశాలల పద్ధతిలో గొప్ప విశేషమొకటి కలదు. పాత ప్రైవేటు పరీక్షలో అన్ని విషయములను ఒక్కమాఱే కట్టవలెనను భయము అభ్యర్థిని పీడించుచుండెను. ఇచ్చట ఐదు విషయములను తన శక్తికొలది విడదీసికొని వ్రాయవచ్చును. జాతీయ సంస్థలో చేరినవానికి ఐదేండ్ల గడువును, తొమ్మిది అవకాశములును కలవు. ఒకమాఱు గట్టెక్కిన విషయము గట్టెక్కినట్లే. ఈ యేడు తెలుగు, సాంఘికశాస్త్రము, పై యేడు విజ్ఞానము, ఆపై లెక్కలు. వరినాట్లును, పెండ్లిండ్లును, పురుళ్ళును నడుమ వచ్చినను చదువు చెడదు. సంసారమున నున్న మనిషికి తగినట్లు నియమమును కుట్టుట యన నిదియే.

ఇంతవఱకు చరిత్ర చెప్పితిని. ఇక నా యనుభవమున కొంత చెప్పుట తప్పు కాదనుకొందును. నేను పనిచేసిన ఊళ్ళలో సాయంకాలము బడి వసారాలో పెద్దవారికి పాఠము చెప్పుట నాకలవాటు. మగ్గము నేయు నతడొకడు, అంగన్వాడీలో ఆయాగా పనిచేయు నామె యొకతె, పాలకేంద్రమున పాలు కొలుచు నతడొకడు, ఇట్టివారు వచ్చెడివారు. వారివలన నేను నేర్చినవి కొన్ని కలవు.

మొదటిది, పెద్దవారికి తెలివి కొఱతకాదు, భయము కొఱతకాదు. నూటికి రెండు రూపాయల వడ్డీచొప్పున ఐదువేలకు ఏడు నెలల వడ్డీ యెంతయని అడుగగా, ఆ అంగన్వాడీ ఆమె వ్రేళ్ళపై లెక్కించి ఏడువందలని తడుముకొనక చెప్పినది. అదే లెక్కను పుస్తకములో సరళవడ్డీ యను పేర చూపగా, తనకు రాదని పుస్తకము మూసినది. "అమ్మా, ఇప్పుడు నీవు చేసిన దీ లెక్కయే" అని చెప్పుటకు నాకొక సాయంకాలము పట్టినది. నమ్ముట కామెకు వారము దినములు పట్టినది. తరువాత ఆమెను లెక్కలలో నిలుపగలవారు లేరు.

రెండవది, చేయి. పగ్గము పట్టిన చేయి, కొడవలి పట్టిన చేయి, మూడుగంటలు కలము పట్టజాలదు. చదివినదంతయు తలలోనుండును, కాగితముపైకి వచ్చుసరికి వ్రేళ్ళు కొంకరలు పోవును. కావున నేను వారికి మొదట రోజున కొక పుట చూచివ్రాత పెట్టెడివాడను. పిల్లలకు చూచివ్రాత అక్షరము కుదురుటకు. పెద్దలకు చేయి అలవడుటకు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఇల్లు. చదువు మానిపోయినవారిలో పాఠము రాక మానినవారు నాకు తక్కువ కనబడిరి. వేళ దొరకక మానినవారే యెక్కువ. "ఈ వయస్సున నీకేల?" అను నొక్క మాట పది పాఠములను చెఱుపును. ఒక పల్లెలో ఒక పెద్దాయన, తాను వ్రేలిముద్ర వేయువాడయ్యును, కోడలు పరీక్ష వ్రాయుచుండగా పరీక్షాకేంద్రము వెలుపల చింతచెట్టుక్రింద మనుమరాలిని భుజముపై వేసికొని మూడుగంటలు నిలిచియుండుట నేను చూచితిని. ఆయన కోడలికి ఒక్క అక్షరము నేర్పలేదు. కాని ఆ ఉత్తీర్ణతలో సగపాలు ఆయనది.

ఈ త్రోవకు చెడ్డపేరు తెచ్చినదియు నొకటి కలదు. దానిని చెప్పకుండుట న్యాయము కాదు. ద్వారము వెడల్పైన కొలది దళారులును వత్తురు. "మీరు చదువనక్కఱలేదు, రుసుము కట్టుడు, పత్రము మేము తెత్తుము" అనువారు నేను పనిచేసిన ఊళ్ళలోను తిరిగిరి. ఒకరికి బదులు మఱియొకరు వ్రాయుటయు, చీటీలు అందించుటయు విన్నాను. ఇట్టి పత్రము కొన్నవాడు తన్ను మాత్రమే మోసగించుకొనుట లేదు. రాత్రి పదిగంటలకు అంట్లు తోమి, దీపముముందు కూర్చుండి చదివిన ఆ ఆడుబిడ్డ పత్రమునకు కూడ విలువ తగ్గించుచున్నాడు. ఊరి పెద్దలు ఇతర దొంగతనములను ఎట్లు చూతురో దీనిని అట్లే చూడవలెను.

"ఈ వయస్సున పరీక్ష గడచి యే యుద్యోగము చేయవలెను?" అని అడుగువారు కలరు. కొన్ని పనులకు పదవ తరగతి పత్రము నిజముగనే కావలెను. దానివలన బ్రదుకు బాగుపడినవారు కలరు. పని రానివారు కూడ కలరు. రాదనియే చెప్పవలెను, ఆశ పెట్టరాదు. కాని తల్లి చదువుచుండగా చూచిన బిడ్డ పుస్తకమును శత్రువుగా చూడదు. కాగితముపై ఏమి వ్రాసియున్నదో చదివిన పిమ్మటనే సంతకము పెట్టు మనిషిని మోసగించుట సులభము కాదు. చెఱసాలలో దుర్గాబాయిగారి మనస్సును కలచినది ఈ యక్షరము రాని దైన్యమే కదా!

కావున గ్రామపెద్దలకు నా మనవి మూడు మాటలు. మీ యూర ఐదవ తరగతిలోనో, తొమ్మిదవ తరగతిలోనో చదువు మానినవారెవరో విచారింపుడు; పేర్లు వ్రాసికొనుడు. దగ్గఱలోని ఉన్నతపాఠశాలకు పోయి, సార్వత్రిక పాఠశాల దరఖాస్తు ఎన్నడు పెట్టవలెనో, రుసుమెంతయో అడిగి తెలిసికొనుడు. గడువు దాటిన పిదప ఎవరును చేయగలది లేదు. మూడవది, మీ యింటనే అట్టివారున్న, దినమునకు రెండు గంటల వేళ నిండు. ఆ రెండు గంటలు ఇంటిపని మఱియొకరు చేయునట్లు చూడుడు. ధనము కంటె ఇది కష్టమైన దానము. కాని ఇచ్చుటకు అధికారము మీయందే కలదు.

పరీక్ష అడుగునది నీకు వచ్చునా యని మాత్రమే. నీ వయస్సెంత యని అడుగుచున్నది మనము. ఆ ప్రశ్న మానుట మన చేతిలోని పని. సెలవు.